రాతినేల మీద రాజ్యం

పిల్లలూ! మీలో కొందరు కంప్యూటరు ముందు కూర్చుని రాజ్యాలు ఏలుతూ ఉంటారు. ఆ సంగతి నాకు మొన్నమొన్నటిదాకా తెలియదు. ముప్ఫైనాలుగేళ్ళు బడుల్లో పాఠాలు చెప్పి, 2016లో హెడ్మాస్టరుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. చదరంగం ఆడగలను. పులిజూదం బాగానే ఆడగలను. ఈ కొత్త ఆట మాత్రం ఈ ఏడు మా మనవడి దగ్గర నేర్చుకున్నాను.

వాడికి పన్నెండేళ్ళు. పుట్టి పెరిగింది రాజమహేంద్రవరంలో, గోదావరి గట్టుకు నాలుగు వీధుల ఇవతల. ఈ ఏప్రిల్‌లో వాళ్ళ నాన్నకు హైదరాబాదు బదిలీ అయింది. ఉప్పల్‌లో ఇల్లు కుదిరేదాకా అందరూ మా నాచారం ఇంట్లోనే దిగారు. జూన్‌లో వాణ్ణి కొత్త బడిలో వేశారు. రోజూ సాయంత్రం వచ్చి, సంచీ ఒక మూల పడేసి, పాలు తాగి, కంప్యూటరు ముందు కూర్చునేవాడు. బడి ఎలా ఉందిరా అంటే, “ఉంది,” అనేవాడు. మీ తరగతిలో ఎవరితో మాట్లాడతావురా అంటే జవాబు ఉండేది కాదు.

ఒకనాడు నేను కాఫీ గ్లాసు పట్టుకుని వాడి వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తెర మీద రంగురంగుల పటం ఒకటి వచ్చింది. వాడు దాన్ని ఒక్క నిమిషం చూసి, “ఛీ!” అని ఏదో మీట నొక్కాడు. పటం పోయి ఇంకొకటి వచ్చింది. మళ్ళీ “ఛీ!” మళ్ళీ మీట. నా కాఫీ అయ్యేలోగా పదకొండు పటాలు వచ్చాయి, పదకొండూ పోయాయి.

“ఏమిట్రా అది? ఆట ఎప్పుడు మొదలుపెడతావు?” అన్నాను.

“నేల బాగుండాలిగా తాతయ్యా! నేల బాగాలేకపోతే ఎంత ఆడినా ఓడిపోతాం. అందుకని మళ్ళీ మొదటికి పోతున్నా.”

అప్పుడు ఆటంతా నాకు చెప్పమన్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు తెలియకపోతే వారి కోసం ఇక్కడ కాస్త చెబుతాను.

ఆ ఆట పేరు సివిలైజేషన్, అంటే నాగరికత. సిడ్ మయర్ అనే ఆయన పేరుమీద మొదటిది 1991లో వచ్చింది. మా వాడు ఆడేది 2016లో వచ్చిన ఆరోది. ఇందులో తొందర లేదు. చదరంగంలోలాగా మన వంతు మనం ఆడి, తక్కినవారి వంతు అయ్యేదాకా ఆగాలి. పటమంతా తేనెపట్టులాగా ఆరు మూలల గళ్ళు. ఒక గడి పచ్చిక, ఒకటి అడవి, ఒకటి గుట్ట, ఒకటి ఇసుక, ఒకటి మంచు. మొదట మన చేతికి వచ్చేది ఒక వలస గుంపు, ఒక బంటు. అంతే! ఆ గుంపును ఎక్కడ ఆపితే అక్కడ మన రాజధాని వెలుస్తుంది. ఆరువేల ఏళ్ళ చరిత్ర అక్కడినుంచి నడవాలి.

చదరంగంలో ఇద్దరికీ బల్ల ఒకటే. ఓడిపోయామంటే తప్పు మనదే. ఈ ఆటలో అలా కాదు. బల్లే ఒక్కొక్కరికి ఒక్కొక్క రకంగా వస్తుంది. ఒకడికి రెండు నదుల మధ్య పచ్చిక పడుతుంది, ఇంకొకడికి ఇసుకదిబ్బ పడుతుంది. నది ఒడ్డున ఊరు కడితే అయిదు పాళ్ళ జనానికి చోటు ఉంటుంది. సముద్రపు ఒడ్డున మూడు. నీరు లేని చోట రెండే! అదీకాక, ఒట్టి ఇసుక గడిలో గింజ పండదు. ఇది అన్యాయం కాదా అంటే, అన్యాయమే. నేను కాదనను.

“చూడు తాతయ్యా,” అని పన్నెండో పటం చూపించాడు వాడు. “నది లేదు. అన్నీ రాళ్ళు, గుట్టలు. అచ్చం మీ నాచారంలాగా ఉంది.”

ఆ మాట అని వాడు నా వైపు చూడలేదు. నాకు నవ్వు వచ్చింది కాని నవ్వలేదు. వాడు పదకొండు సార్లు మీట నొక్కింది పటం కోసమేనా అని అప్పుడు నాకు అనుమానం కలిగింది.

నాచారం సంగతి వచ్చింది కనుక నా కథ ఒకటి చెబుతాను. వాడికీ ఆ పూట ఇదే చెప్పాను.

1989లో నేను ఇక్కడ ఇంటి స్థలం కొన్నాను. అప్పటికి చుట్టూ ఇళ్ళు తక్కువ. పారిశ్రామికవాడ వైపు ఫ్యాక్టరీలు, ఇటు తుప్పలు, సీతాఫలం పొదలు. నేను స్థలం చూసింది వానాకాలంలో. మోకాలెత్తు గడ్డి పచ్చగా ఊగుతున్నది. బయానా ఇచ్చి, అప్పుచేసి, రిజిస్ట్రేషన్ చేయించుకున్నాను. మార్చి వచ్చేసరికి గడ్డి ఎండిపోయి, కింద ఉన్నది బయటపడింది. స్థలంలో ముప్పాతిక భాగం పరుపుబండ! గునపం వేస్తే ఖంగుమన్నది.

నీళ్ళు చూడటానికి ఒకాయనను పిలిచాను. ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని స్థలమంతా తిరిగాడు. ఒకచోట కాయ నిటారుగా లేచింది. అక్కడ బోరు వేయమన్నాడు. బడిలో పిల్లలకు సైన్సు చెప్పే నేను కొబ్బరికాయ మాట ఎలా విన్నానని మీరు అడగవచ్చు. అప్పుల్లో ఉన్నవాడు ఏ మాటైనా వింటాడు. బోరు బండి వచ్చి 180 అడుగులు దింపింది. తెల్లటి రాతిపిండి లేచి మా బట్టల మీద, పక్క పొదల మీద పడింది. చుక్క నీరు లేదు. వీధి అవతల ఒకరికి 90 అడుగులకే నీరు పడిందని తెలిసి, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి నేను చేసిన పనే మా మనవడు కంప్యూటరులో చేస్తున్నాడు. ఆ స్థలం అమ్మేసి ఇంకొకటి కొందామని ఏడాదిన్నర తిరిగాను. ప్రతి ఆదివారం సైకిలు మీద ఉప్పల్, రామంతాపూర్, మల్లాపూర్. చెరువు కింద పల్లంలో నల్లమట్టి స్థలం ఒకటి కంటికి నచ్చింది. పది అడుగుల్లో నీరు! ధర కుదరక ఆగిపోయాను. ఆ ఏడాదిన్నరలో సిమెంటు ధర పెరిగింది, కూలి పెరిగింది, నేను మాత్రం ఒక్క ఇటుక పేర్చలేదు.

మా ఆవిడ ఆదివారాలు నాతో రాకుండా మా బండ దగ్గరికే వెళ్ళేది. ఒకనాడు వచ్చి, “ఏమండీ, మీరు ఊళ్ళోని స్థలాలన్నీ చూశారు, మనది ఒక్కటే చూడలేదు,” అన్నది. ఏమిటని అడిగితే, “నైరుతి మూల తంగేడు చెట్టు ఏప్రిల్‌లో కూడా పచ్చగా ఉంది. మేకలన్నీ పోయి పోయి ఆ మూలకే చేరుతున్నాయి. మేకలు ఊరికే పోవు,” అన్నది.

అక్కడ బావి తవ్వించాము. పైన రెండడుగులు మట్టి, దానికింద ఎర్రటి మొరం. గడ్డపారకు మెత్తగా ఊడివచ్చింది. 34 అడుగుల దగ్గర రాతి పగులులోంచి వేలెడంత ధార వచ్చింది. తెల్లారేసరికి బావిలో మనిషి లోతు నీరు!

ఇందులో మాయ లేదు. మన హైదరాబాదు నేల గ్రానైటు. సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి రాయి. గట్టి గ్రానైటులో నీరు నిలవటానికి సందు లేదు. కాని ఎండకూ వానకూ పైభాగం కుళ్ళి మొరంగా మారుతుంది. ఆ మొరంలోనూ, దాని కింద రాయి పగిలిన చీలికల్లోనూ వాననీరు దిగి నిలుస్తుంది. ఒకచోట బండ, పదిగజాల అవతల నీరు ఉండటం అందువల్లనే. చెట్టు వేరు ఆ చీలికను మనకన్న ముందు కనిపెడుతుంది.

ఇది కనిపెట్టటానికి పనిముట్లు కూడా ఉన్నాయి. మీరు మెట్రోరైలులో ఉప్పల్ నుంచి హబ్సిగూడ వైపు వస్తే ఎన్‌జీఆర్‌ఐ అనే స్టేషను తగులుతుంది. అది 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పేరు. భూమి లోపల ఏమున్నదో తవ్వకుండా తెలుసుకునే విద్య అక్కడివారిది. అందులో ఒక పద్ధతి చాలా తేలిక. నేలలో నాలుగు ఇనుప మేకులు వరసగా పాతుతారు. బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తారు. గట్టి పొడిరాయి కరెంటును సులభంగా పోనివ్వదు. తడిసిన మొరం పోనిస్తుంది. మేకులను దూరదూరంగా జరిపినకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. నేను కొబ్బరికాయకు డబ్బు ఇచ్చిన రోజున ఈ సంస్థ మా ఇంటికి ఎంతో దూరంలో లేదు! ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

బావి ఒక్కటే కాదు. బండ ఉన్న వైపు పునాది తవ్వే ఖర్చు తప్పింది. గోడ తిన్నగా బండ మీదనే లేచింది. ఎత్తుగా ఉన్న రాయిని వడ్డెరవారు కొట్టి కడీలు తీశారు. మా ప్రహరీ అంతా ఆ కడీలే. ఆ తరువాత ఒక ఉగాదికి ఇంట్లో చేరాము.

నేను బేరమాడిన నల్లమట్టి స్థలం సంగతా? 2020 అక్టోబరు వానలకు నగరంలో చెరువుల కింది కాలనీలెన్నో మునిగాయి. ఆ వీధిలోనూ నడుములోతు నీరు నిలిచింది. దానికి నేను సంతోషించానని అనుకోకండి. అక్కడ ఇల్లు కట్టుకున్నది నాతో పనిచేసిన మాస్టారే. ఆ వారం రోజులూ ఆయన కుటుంబం మా ఇంట్లోనే ఉన్నది.

మా బావి కూడా ఎల్లకాలం అలాగే ఉండలేదు. చుట్టూ ఇళ్ళు లేచి, ఇంటింటికీ బోరు పడి, 2016 వేసవిలో బావి అడుగు కనబడింది. అప్పుడు ఆ పాత 180 అడుగుల పనికిరాని బోరు గుర్తుకు వచ్చింది. డాబా మీది వాననీటిని ఇసుక, కంకర వేసిన గుంటలో వడగట్టి ఆ బోరులోకి దింపాము. రెండు వానాకాలాలు గడిచాక బావిలో నీరు మళ్ళీ కొంత లేచింది.

కథ విని మా మనవడు, “అయినా మా గోదావరి ముందు ఈ బావి ఎంత!” అన్నాడు. నిజమే. కాని గోదావరి మాట వాడే ఎత్తాడు కనుక వదలలేదు. “ఒరే, మీ గోదావరి ఎప్పుడూ అన్నం పెట్టిందనుకున్నావా? ధవళేశ్వరం ఆనకట్ట ఎప్పుడు కట్టారు?” అన్నాను. వాడికి తెలుసు. 1847లో మొదలై 1852లో అయింది, కాటన్ దొర కట్టించాడు. అంతకు ముందు అంత పెద్ద నది పక్కనే ప్రవహిస్తున్నా, ఒక ఏడు వరద, ఒక ఏడు కరువు. నది ఎదుటనే జనం తిండిలేక మాడారు. నీరు ఉండటం ఒకటి, దాన్ని నిలుపుకోవటం ఒకటి.

మన తెలంగాణ పీఠభూమిలో గోదావరి, కృష్ణ లోతుగా పారతాయి. పొలాలు పైన ఉంటాయి. అందుకని ఇక్కడివారు నదిని నమ్ముకోకుండా వాననే నమ్ముకున్నారు. రెండు గుట్టల మధ్య కట్ట వేస్తే చెరువు. కాకతీయుల కాలంలో ఇలాంటివి ఎన్నో కట్టారు. రామప్ప చెరువు 1213 నాటిది. నేటికీ దాని కింద పంట పండుతున్నది. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు పోతుంది. గొలుసుకట్టు చెరువులంటే అవే. గోలకొండ సుల్తానుల కాలంలో 1562లో హుస్సేన్‌సాగర్ కట్టారు. హైదరాబాదు నగరం వెలిసింది 1591లో. అంటే చెరువు ముందు, ఊరు తరువాత! 2015లో మిషన్ కాకతీయ పేరుతో బాగుచేయటానికి లెక్కవేసినప్పుడు రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు తేలాయి. మన నాచారం చెరువును, ఉప్పల్ నల్లచెరువును ఇప్పుడు చూస్తే మీకు నమ్మకం కలగకపోవచ్చు. వాటి మీద నాకు కోపం లేదు, వాటిలో చెత్త పోసేవారి మీద ఉంది.

సరే, ఆటకు వద్దాము. ఆ పన్నెండో పటం మార్చకుండా ఆడాలని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాము. వాడిది చేయి, నాది నోరు.

మొదటి వంతులోనే వాడు గుంపును దూరంగా నడిపించబోయాడు. నది ఎక్కడో ఉండకపోదని వాడి ఆశ. ఆగమన్నాను. మనం తిరుగుతున్నంతసేపూ తక్కినవారి ఊళ్ళు పెరుగుతూ ఉంటాయి కదా! ముందు బంటును గుట్ట ఎక్కించి చుట్టూ చూడమన్నాను. చూస్తే పడమట పెద్ద కొండలు కనబడ్డాయి. వాడు కాసేపు గోళ్ళు కొరుక్కుని, “తాతయ్యా, ఈ ఆటలో నీటికాలవ అని ఒకటి ఉంది. కొండనుంచి కూడా తేవచ్చు. కాని అది కట్టే గడి ఊరికీ కొండకూ రెంటికీ ఆనుకుని ఉండాలి,” అన్నాడు. దానివల్ల లాభమెంత అన్నాను. నది ఉన్న ఊరికి అది రెండు పాళ్ళు మాత్రమే కలుపుతుంది. నీరు లేని ఊరికైతే రెండునుంచి ఆరుకు తీసుకుపోతుంది! “మరి ఎప్పుడైనా కట్టావా?” అంటే, “ఎప్పుడూ నది ఉండేదిగా, అవసరం రాలేదు,” అన్నాడు. వాడికి ఆట సూత్రాలన్నీ కంఠతా వచ్చు. సగం సూత్రాలను వాడవలసిన పని ఇంతవరకు పడలేదు.

ఒక్క అడుగు పక్కకు జరిపి, గడ్డి ఉన్న గుట్ట మీద ఊరు కట్టాడు. గుట్ట మీద ఊరికి శత్రువును ఆపటం తేలిక. గుట్టల్లో గనులు తవ్వాడు. పంట తక్కువ, పని ఎక్కువ. జనం మెల్లగా పెరిగారు కాని, కట్టవలసినవి త్వరగా లేచాయి. వాడు ఎన్నుకున్నది భారతదేశం. ఆ దేశానికి ఈ ఆటలో ఒక ప్రత్యేకత ఉంది. అదేమిటో తెలుసా? దిగుడుబావి! అది కడితే ఇంకొంత తిండి, ఇంకొంతమందికి చోటు. మన సికింద్రాబాదులో బన్సీలాల్‌పేట దిగుడుబావి చెత్తతో పూడిపోయి ఉండేది. దాన్ని తవ్వి బాగుచేసి 2022లో తెరిచారు. ఆ ఆదివారం వాణ్ణి తీసుకువెళ్ళి చూపించాను. మెట్లు దిగుతూ, “మన ఆటలోది ఇంత లోతు లేదు,” అన్నాడు. మొదటిసారి ‘మన’ అన్నాడు.

మరొక ఊరు ఒట్టి ఇసుకలో కట్టవలసి వచ్చింది. అక్కడ పెట్రా అనే అద్భుతం కడితే ఇసుక గళ్ళు పండటం మొదలుపెడతాయట. పెట్రా నిజంగా జోర్డాను దేశంలో ఉన్నది. ఎడారిలో రాతిని తొలిచి, అరుదుగా పడే వానను కాలవల్లో, తొట్లలో పట్టి, నబాతియన్లు అనేవారు అక్కడ పెద్ద నగరం నడిపారు. మేము ఆటలో దాన్ని సగం కట్టేసరికి ఇంకొక రాజు ముందుగా కట్టేశాడు. అద్భుతం ఎవరైనా ఒకరికే దక్కుతుందట. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేయి మళ్ళీ ఆ మీట వైపు పోయింది. నేనేమీ అనలేదు. కాసేపటికి చేయి వెనక్కు తీసుకున్నాడు.

అన్ని చెడ్డ నేలల్లోనూ ఏదో ఒక మేలు దాగి ఉంటుందని నేను మీకు అబద్ధం చెప్పను. నాలుగు వైపులా మంచు పడ్డ పటం ఒకటి వస్తే, దాన్ని వదిలేయమని నేనే చెప్పాను. కాని వదిలేముందు బంటును ఒకసారి చుట్టూ తిప్పి చూడాలి. వాడు ముందు విసిరేసిన పదకొండు పటాల్లో మా తంగేడు చెట్టులాంటిది ఎన్నింటిలో ఉండేదో ఇక తెలియదు.

మేము గెలవలేదు, ఓడిపోనూలేదు. ఆట ఇంకా నడుస్తున్నది. నూరో వంతుకు ఆరుగురు రాజుల్లో మేము అయిదోవాళ్ళం. నూట ముప్ఫైకి నాలుగో చోటికి వచ్చాము.

మొన్న శనివారం నూట నలభైమూడో వంతు ఆడుతూ ఉండగా, ప్రహరీ మీదినుంచి బంతి ఒకటి వచ్చి బావి పక్కన పడింది. గేటు దగ్గర ముగ్గురు పిల్లలు. మా వీధి చివర ఇళ్ళు లేవని పెద్ద బండ ఉంది, వాళ్ళు దాని మీదే క్రికెట్ ఆడతారు. అక్కడ బంతి ఎటు లేస్తుందో వేసినవాడికి కూడా తెలియదు. మా వాడు బంతి తీసి ఇవ్వటానికి వెళ్ళాడు. గేటు దగ్గర ఏవో మాటలు వినబడ్డాయి. వాళ్ళలో ఒకడు వాడి తరగతివాడేనట. తరువాత చెప్పుల చప్పుడు, ఆ తరువాత కిటికీలోంచి కేక:

“తాతయ్యా! నా వంతు నువ్వు ఆడు! ఉత్తరం నుంచి దొంగలు వస్తున్నారు. గుట్ట మీది బంటును మాత్రం కదపకు!”

నేను కళ్ళజోడు తుడుచుకుని తెర ముందుకు జరిగాను. దొంగలు రానే వచ్చారు. బంటును నేను కదపలేదు.